డోలో 650 విరిచి పిల్లలకు వేయొచ్చా?

ఇద్దరు పిల్లల అమ్మ:
నిన్న రాత్రి పదకొండింటికి మా చిన్నోడికి జ్వరం 102. నాలుగేళ్లు, 14 కిలోలు. సిరప్ అయిపోయింది, షాపులు మూసేశారు. మా అత్తయ్య డోలో 650 నాలుగు ముక్కలు చేసి, ఒకటి తేనెలో వేయమన్నారు. నేను వద్దన్నాను. పొద్దున్నదాకా తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నా. ఇప్పుడు ఇంట్లో మాటల్లేవు. ఎవరిది రైట్?

రిటైర్డ్ మాస్టారు:
అత్తయ్యదే. మా ముగ్గురు పిల్లలూ అలాగే పెరిగారు. రెండింట్లోనూ ఉన్నది పారాసెటమాలే. సీసాలో ఉంటే మంచిది, షీటులో ఉంటే విషమా?

ఫార్మసిస్టు:
మాస్టారూ, లెక్క చూద్దాం. ఒక డోసు కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. 14 కిలోలకు 140 నుంచి 210. 650లో పావంటే 162. కుదిరింది! కానీ అది అదృష్టం. అదే చేత్తో సగం ముక్క వేసుంటే 325, ఆ బాబుకి చాలా ఎక్కువ. మాత్ర మీద గీత ఉన్నా అది సగానికే. పావుకి కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి పొడి. ఎస్ఆర్, ఈఆర్ అని ఉన్నవైతే అసలు విరవకూడదు, నెమ్మదిగా వదలాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

నైట్ డ్యూటీ:
సిరప్ పోసేవాళ్లు మాత్రం లెక్క వేస్తున్నారా? 5 మి.లీ.లో 120 ఉండే సీసా ఉంది, 250 ఉండేదీ ఉంది. పాత అలవాటుకొద్దీ పోస్తే రెట్టింపే. చంటిపిల్లల డ్రాప్స్ ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. వంటింటి చెంచాల సంగతి చెప్పక్కర్లేదు. నాకైతే మాత్ర కంటే సిరప్‌తోనే టెన్షన్.

ఫార్మసిస్టు:
ఒప్పుకుంటా. షాపులో రోజూ చూసేదే: "జ్వరం సిరప్ ఇవ్వండి" అంటారు, బరువు అడిగితే విసుక్కుంటారు. పైగా కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి పోస్తారు. డోసుకీ డోసుకీ మధ్య 4 నుంచి 6 గంటలు, రోజుకి నాలుగు డోసులే.

ఇద్దరు పిల్లల అమ్మ:
కొత్త సీసా తెచ్చా, 120ది. "14 కిలోలు, 7 మి.లీ." అని మార్కర్‌తో రాసి, కొలత కప్పు రబ్బరుబ్యాండుతో కట్టా. అత్తయ్య అద్దాలు పెట్టుకుని లెక్క వేయించారు. 168 వచ్చింది. "నా ముక్కా అంతే కదమ్మా" అన్నారు.