600 ఎంఎం జూమ్ లెన్సు: సాగదీస్తే బ్యారెల్ (లెన్సు గొట్టం) ఆడుతోంది. లోపమా, మామూలేనా?

కొల్లేటికొంగ

కొత్త లెన్సు. 150 నుంచి 600 ఎంఎం దాకా, జూమ్ తిప్పితే ముందుకు సాగే రకం. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే రెండో పోస్టుకే బ్రాండ్ల కొట్లాట మొదలవుతుంది.

పెట్టె తీశాక చూసినవి: మౌంట్ (కెమెరాకి తగిలించే చోటు) లోహం, దాని చుట్టూ సన్నటి రబ్బరు రింగు. జూమ్ రింగు 300 దాకా వెన్నలా తిరుగుతోంది, 400 దాటాక బిగువు. స్విచ్‌లు గట్టిగా క్లిక్‌మంటున్నాయి, బ్యాగులోంచి లాగేటప్పుడు వాటంతటవే జరిగేలా లేవు. హుడ్ (ముందుండే ఎండ తొడుగు) ప్లాస్టిక్, కానీ లాక్ బటన్ ఉంది. ట్రైపాడ్ ఫుట్‌కి (లెన్సుని స్టాండు మీద నిలిపే పాదం) ఆర్కా గాడి (స్టాండు తలలోకి నేరుగా జారే గాడి) కంపెనీ నుంచే వచ్చింది, విడిగా ప్లేటు కొనక్కర్లేదు.

ఇక గొడవ. 600 దగ్గర పూర్తిగా సాగదీసి, హుడ్ పట్టుకుని పైకీ కిందకీ కదిపితే బ్యారెల్ ఆడుతోంది. హుడ్ అంచు దగ్గర కొలిస్తే దాదాపు ఒక మిల్లీమీటరు. 150 దగ్గర అసలు కదలదు. మార్చుకునే గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఏం చేయమంటారు?

స్క్రూడ్రైవర్

మామూలే. ఉంచుకోండి.

సాగే జూమ్‌లో లోపలి గొట్టం బయటి గొట్టంలో జారాలి. మధ్యలో ఖాళీ లేకపోతే జారదు, ఎండకి కాస్త వ్యాకోచిస్తే పట్టేస్తుంది. 150 దగ్గర లోపలి గొట్టం చాలా భాగం లోపలే ఉంటుంది కాబట్టి కదలదు. 600కి వచ్చేసరికి లోపల మిగిలే పట్టు తగ్గిపోతుంది. ఉదాహరణకి పట్టు 50 మిల్లీమీటర్లు, ఖాళీ 0.1 మిల్లీమీటరు అనుకోండి. 250 మిల్లీమీటర్ల అవతల ఉన్న హుడ్ అంచుకి వెళ్లేసరికి అది ఐదు రెట్లయి అర మిల్లీమీటరు కదలిక అవుతుంది. లోపల వెంట్రుకవాసి, బయట చూస్తే భూకంపం.

ట్రైపాడ్ మావయ్య

ఇవాళ రేపు అంతా ప్లాస్టిక్ బాబూ. పాత లోహం లెన్సు చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా తెలిసేది. ఇప్పుడన్నీ పైన పటారం లోన లొటారం.

కొల్లేటికొంగ

స్క్రూడ్రైవర్ గారూ, మీ లెక్కలో అర మిల్లీమీటరు. నాది ఒకటి. అంటే మీరు మామూలన్నదానికి రెట్టింపు. అయినా మామూలేనా?

స్క్రూడ్రైవర్

అవి ఉదాహరణ అంకెలు. మీ లెన్సు లోపలి కొలతలు కావు. పట్టు 50 బదులు 25 అయితే అదే ఖాళీకి మీ ఒక మిల్లీమీటరు వచ్చేస్తుంది.

మావయ్య గారికి: చల్లగా తగలడం వేడిని త్వరగా లాగేసే గుణం, గట్టిదనం కాదు. సిగ్మా 2014లో 150-600 రెండు రకాలు ప్రకటించింది. స్పోర్ట్స్ 2860 గ్రాములు, కాంటెంపరరీ 1930 గ్రాములు. తేలికదానిలో వాడిన టీఎస్‌సీ అనే మిశ్రమ ప్లాస్టిక్ వేడికి సాగే తీరు అల్యూమినియానికి దగ్గరగా ఉండేలా చేసింది. పక్కపక్కనే లోహమూ ప్లాస్టికూ ఉన్నప్పుడు రెండూ ఒకేలా సాగాలి. అసలు కిటుకు అక్కడుంది. మామూలు పాలీకార్బొనేట్ అయితే అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు సాగుతుంది. 300 మిల్లీమీటర్ల గొట్టం, 30 డిగ్రీల తేడా వేసుకోండి: అల్యూమినియం 0.2 మిల్లీమీటరు, మామూలు పాలీకార్బొనేట్ 0.6. రెంటచింతల ఎండలో కారులో వదిలేస్తే 30 డిగ్రీల తేడా పెద్ద విషయం కాదు. పెద్ద లెన్సుల్లో ఫోకస్ అనంతాన్ని దాటి ఇంకొంచెం తిరిగేది ఇందుకే. అది కూడా లోపమని పోస్టులు వస్తుంటాయి.

పులికాట్600

ఇంత గోలెందుకు, సాగని జూమ్ కొనుక్కుంటే పోయేది. సోనీ 200-600 (2019), నికాన్ జడ్ 180-600 (2023) రెండూ లోపలే జూమ్ అవుతాయి. ఆడటానికి బయటికొచ్చే గొట్టమే లేదు. బరువు ముందుకు జరగదు కాబట్టి గింబల్ హెడ్ (బరువైన లెన్సుని తూకంలో ఉంచి తిప్పే స్టాండు తల) మీద ఒకసారి సరిచేస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. బ్యారెల్ లోపలికి వెళ్లేటప్పుడు తడీ దుమ్మూ లోపలికి ఈడ్చుకుపోయే బాధ కూడా తక్కువ.

ఎఫ్8చాలు

పొడవు చెప్పలేదే? ఆ రెండూ ఎప్పుడూ 31 సెంటీమీటర్లకి పైనే. బస్సులో ఒళ్లో పెట్టుకుని పిట్టల కోసం నేలపట్టు వెళ్లేవాడిని అడగండి.

పులికాట్600

కానన్ ఆర్ఎఫ్ 200-800 సాగే రకమే. మూసినప్పుడే 31 సెంటీమీటర్లు, తెరిస్తే ఇంకా. పొడవు తగ్గుతుందని సాగే జూమ్ కొనడం అన్ని వేళలా నిజం కాదు. కావాలంటే ఆర్ఎఫ్ 100-500 చూడండి, కాలర్ (ఫుట్ ఉండే పట్టీ) లేకుండా 1370 గ్రాములు, నిజంగానే చిన్నది. కానీ 500 దగ్గర ఎఫ్7.1, లోపలికొచ్చే వెలుగు తక్కువ.

కొల్లేటికొంగ

నా ప్రశ్న ఏ లెన్సు కొనాలని కాదు. కొన్నది ఆడుతోంది, అది లోపమా అని.

స్క్రూడ్రైవర్

చెప్పాను కదా. మీరు చేత్తో ఆడించినంతసేపే అది ఆడుతుంది. ట్రైపాడ్ మీద పెట్టాక ముందు గాజుల బరువుకి గొట్టం కిందికి వాలి, ఉన్న ఖాళీ అంతా ఒక వైపుకి తీసుకుని అక్కడే నిలబడుతుంది.

పులికాట్600

గాలి సంగతో? పులికాట్ గట్టు మీద సాయంత్రం గాలికి అంత పెద్ద హుడ్ తెరచాపే.

స్క్రూడ్రైవర్

ఆ గాలికి ట్రైపాడ్ మొత్తం ఊగుతుంది. హుడ్ తీసేయండి, మధ్య కాలమ్ దించండి, షట్టర్ 1/1000 పైన పెట్టండి.

అందరికీ చెప్తున్నాను, చేత్తో పట్టుకుని బిల్డ్ నాణ్యత తేల్చకండి. జూమ్ రింగు నునుపు గ్రీజు వల్ల వస్తుంది. 400 దాటాక బిగువంటే ముందు గాజుల గుంపును గాడి వెంట ఎత్తాల్సి రావడం. కొత్తలో కాస్త బిగువుగా ఉండటమే మేలు, లేకపోతే లెన్సు కిందికి వంచగానే దానంతటదే జారుతుంది. పవర్ ఆపి ఊపితే లోపల టకటకమంటే లీనియర్ మోటారుతో నడిచే ఫోకస్ గుంపో, స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసేది) గుంపో అయ్యుంటుంది. పవర్ ఇచ్చాక ఆ చప్పుడు పోతే భయం లేదు. మౌంట్ దగ్గర లెన్సు గుండ్రంగా వెంట్రుకంత తిరిగినా ఫర్వాలేదు, లాక్ పిన్నుకి ఆ మాత్రం ఖాళీ ఉంటుంది. ముందుకీ వెనక్కీ కదిలితే మాత్రం ఆలోచించాలి. టార్చి వేసి చూస్తే లోపల రెండు దుమ్ము రేణువులు కనిపిస్తాయి, వాటిని మర్చిపోండి.

గట్టిగా చూడాల్సింది ఒక్కటే, గాజులు వరుసలో ఉన్నాయా లేదా. అది చెయ్యి చెప్పదు.

కొల్లేటికొంగ

ఎలా చూడాలో చెప్పండి మరి.

స్క్రూడ్రైవర్

పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. నేల వేడెక్కాక 600 దగ్గర గాలి మరగడమే ఫోటోలో కనిపిస్తుంది, లెన్సుని తిట్టుకుంటాం. ఏసీ గది కిటికీలోంచి తీయకండి. లెన్సు బయటి వేడికి అలవాటు పడేదాకా అరగంట ఆగండి.

20 మీటర్ల దూరంలో అట్టముక్కకి దినపత్రికలో చిన్న అక్షరాల ప్రకటనల ముక్క ఒకటి, అరచెయ్యంత, అంటించి నీడలో నిలబెట్టండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో 600 దగ్గర ఆ దూరంలో ఫ్రేమ్ వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు 80 సెంటీమీటర్లు. గోడనిండా ఇటుకలు తీయొద్దు, గోడకి కెమెరా సూటిగా లేకపోతే ఆ వంకరే లెన్సు లోపంలా కనిపిస్తుంది. ఒక్క గురి చాలు.

ఎపర్చర్ పూర్తిగా తెరిచి, స్టెబిలైజర్ ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. గురిని మధ్యలో ఉంచి పెద్దది చేసి చూస్తూ ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, ఇక రింగు ముట్టుకోకండి. హెడ్ తిప్పుతూ అదే గురిని ఒక్కో మూలకి తెచ్చి మూడేసి ఫోటోలు తీయండి. మూలలు మధ్య కంటే కొంచెం మెత్తగా ఉండటం సహజం. నాలుగూ ఒకేలా మెత్తగా ఉన్నాయా అన్నదే చూడండి.

ఒక మూల తేడాగా ఉంటే కాలర్ వదులు చేసి కెమెరాతో సహా లెన్సుని 180 డిగ్రీలు తిప్పి, మధ్యలో మళ్లీ ఫోకస్ చేసి నాలుగు మూలలూ తీయండి. ఫోటోని కెమెరా తనంతట తిప్పేసే సెట్టింగు ముందే ఆపుకోండి, లేకపోతే తికమక. ఫోటోలో మళ్లీ అదే మూల మెత్తగా వస్తే లోపలి గాజులు వరుస తప్పాయి, వెంటనే తిరిగిచ్చేయండి. ఎదుటి మూలకి మారిపోతే, అంటే మెత్తదనం ఎప్పుడూ నేల వైపో ఆకాశం వైపో ఉంటే, మీరు భయపడ్డ బ్యారెల్ వాలడం నిజంగా బొమ్మ మీద పడుతోంది. నాలుగూ సమానంగా వస్తే ఆ ఆటని మర్చిపోండి.

ట్రైపాడ్ మావయ్య

రెండు లక్షలు పోసి కొన్నవాడు పొద్దున్నే లేచి పేపరు ముక్కలు అంటించుకోవాలా? బాగుంది.

స్క్రూడ్రైవర్

అంటించుకోకపోతే మానేయండి మావయ్యా. తెలియకుండానే బాగోలేదు అనడం మాత్రం కుదరదు.

ఎఫ్8చాలు

దుమ్మూ తడీ ఆపే సీలింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మౌంట్ దగ్గర రబ్బరు రింగు కనబడగానే వానలో తడపచ్చు అనుకుంటారు.

పులికాట్600

అవును. దుమ్ము, తుంపర ఆపుతుంది అన్న మాటకి కొలత ఉండదు. ఓఎం సిస్టమ్ 40-150 ఎఫ్4 ప్రో లాంటి కొన్నిటికే ఐపీ53 (దుమ్మూ నీళ్లూ ఎంత ఆపుతుందో చెప్పే ప్రమాణం) అని అంకె ఇచ్చారు. మిగతావాళ్లు ఎక్కువమంది మాట ఇస్తారు, అంకె ఇవ్వరు. మౌంట్ రింగు కెమెరాకీ లెన్సుకీ మధ్య సందు మూస్తుందంతే. సాగే గొట్టం చుట్టూ, స్విచ్‌ల కింద, జూమ్ రింగు కింద ఏముందో బయటికి కనిపించదు. ఉప్పుగాలిలో తిరిగొచ్చాక గొట్టాన్ని సాగదీసి పొడిగుడ్డతో తుడిచి అప్పుడు మూయాలి. తడిగా ఉండగా మూస్తే తడిని మనమే లోపలికి పంపినట్టు. తర్వాత డ్రై క్యాబినెట్‌లో 40-50 శాతం తేమ. కోస్తాలో అది లేకపోతే బూజు మొదట పట్టేది గాజుకే, ప్లాస్టిక్‌కి కాదు.

కొల్లేటికొంగ

పరీక్ష చేస్తాను. కానీ స్క్రూడ్రైవర్ గారూ, ఒక మాట. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే (ఎవరిదో చెప్పను) “స్పెసిఫికేషన్ లోపలే ఉంటుందండీ” అన్నారు. ఎంత అని అడిగితే “అది మాకు అంతర్గతం”. మీరూ అదే అంటున్నారు, కాకపోతే లెక్కలు వేసి.

స్క్రూడ్రైవర్

నన్ను వాళ్లతో కలపకండి. నేను ఏ కంపెనీ తరఫునా మాట్లాడట్లేదు. ప్రతి కదలికా లోపమే అని ఈ వేదికలో వారానికొకరు వస్తారు. వాళ్లని నమ్మి పది మంది బాగున్న లెన్సులు వెనక్కిస్తారు. ఆ వెనక్కొచ్చిన పెట్టెలే మళ్లీ ఇంకొకరికి కొత్తవని వెళ్తాయి.

ట్రైపాడ్ మావయ్య

అదిగో, అసలు బాధ అది. మేం తిరిగివ్వకూడదన్నమాట, షాపులు నష్టపోతాయని!

స్క్రూడ్రైవర్

షాపుల మాట నేనెక్కడన్నాను? చదివి రాయండి.

కొల్లేటికొంగ

మావయ్య గారూ ఆగండి. స్క్రూడ్రైవర్ గారూ, మీ లెక్క తప్పని నేననట్లేదు. ఖాళీ ఉండాలి, ఒప్పుకుంటా. ఎంత ఉండాలో కొలత వాళ్ల దగ్గరే ఉంది, బయటికి చెప్పరు. అలాంటప్పుడు నా దగ్గర మిగిలిన కొలత నా చెయ్యే. అది తప్పుడు కొలతే కావచ్చు. సరైన కొలత ఇవ్వనివాడు నా చేతిని తప్పుబట్టకూడదు. లోపం కాదని చూపించాల్సింది అమ్మినవాడా, లోపమని చూపించాల్సింది కొన్నవాడా? మనం మొదటి నుంచీ కొట్టుకుంటున్నది దీని మీదే, మిల్లీమీటరు మీద కాదు.

స్క్రూడ్రైవర్

అది వేరే ప్రశ్న. దానికి జవాబు వినియోగదారుల ఫోరంలో వెతకాలి, లెన్సు లోపల కాదు. అంకె అచ్చు వేయాలన్న మాటకి నేనూ చెయ్యెత్తుతా. కానీ అంకె ఇవ్వలేదు కాబట్టి లెన్సు బాగోలేదు అనడం ఎలా కుదురుతుంది?

పులికాట్600

కొంగ గారూ, పరీక్షకి ముందు ఫుట్ స్క్రూలు చూసుకోండి. కొన్నిటికి వదులుగా వస్తాయి. ఫుట్ ఆడుతుంటే మూలలన్నీ చెడిపోయి బ్యారెల్‌ని అనుమానిస్తారు. సరైన సైజు అలెన్ కీతో బిగించండి, మళ్లీ మళ్లీ వదులవుతుంటే నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క. ఎరుపు వద్దు, తర్వాత ఊడదు. మౌంట్ స్క్రూల జోలికి మాత్రం పోకండి. జపాన్ లెన్సుల్లో అవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం ఉంటాయి, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది, వారంటీ కూడా పోతుంది.

కొల్లేటికొంగ

పొద్దున ఆరింటికి చేశాను. ఫుట్ స్క్రూల్లో ఒకటి నిజంగానే వదులు, బిగించాను. 600 దగ్గర నాలుగు మూలలూ సమానం. అనుమానం తీరక 180 తిప్పి కూడా తీశాను, తేడా లేదు. 400 దగ్గర కూడా అంతే. బ్యారెల్ మాత్రం ముందు ఆడినంతే ఆడుతోంది.

స్క్రూడ్రైవర్

మంచి లెన్సు పడింది మీకు. ఇక పిట్టల మీద పడండి.

కొల్లేటికొంగ

వెనక్కిస్తున్నాను.

స్క్రూడ్రైవర్

ఎందుకు?!

కొల్లేటికొంగ

రెండేళ్ల తర్వాత అమ్మేటప్పుడు కొనేవాడు పేపరు ముక్కలు అంటించి చూడడు. హుడ్ పట్టుకుని ఊపి చూస్తాడు.

స్క్రూడ్రైవర్

మీ డబ్బు, మీ ఇష్టం. బిల్డ్ బాగోలేదని మాత్రం రివ్యూ రాయకండి.

కొల్లేటికొంగ

రాస్తాను. నాలుగు మూలలూ సమానంగా ఉన్నాయని కూడా రాస్తాను.

గోదారిగట్టు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది ఇలాంటిదే, 300 దగ్గర కూడా ఆడుతోంది, అదీ పక్కలకి మాత్రమే, పైకీ కిందకీ లేదు. అదే పరీక్ష సరిపోతుందా, లేక కాలర్‌ని 90 డిగ్రీలు తిప్పి కూడా చూడాలా?