3, 6 తరగతుల పిల్లలకి 25 వేలలోపు ల్యాప్‌టాప్: కొత్త సెలెరానా, వాడిన లాటిట్యూడా?

ఖమ్మం_అమ్మ:
ఇద్దరు పిల్లలకి కలిపి ఒకటే ల్యాప్‌టాప్ కొనాలి. ఒకరు 3వ తరగతి, ఒకరు 6. గూగుల్ క్లాస్‌రూమ్‌లో హోంవర్కు, శనివారం మీట్‌లో క్లాసు, యూట్యూబ్ పాఠాలు, ప్రభుత్వ దీక్ష యాప్‌లో పుస్తకాలు, పెద్దవాడికి స్క్రాచ్ (పిల్లలు బొమ్మలతో ప్రోగ్రామింగ్ నేర్చుకునేది). గేమ్స్ అక్కర్లేదు. బడ్జెట్ 25 వేలు, అందులోనే మౌస్, హెడ్‌ఫోన్ కూడా రావాలి.

షాపులో రెండు చూపించారు. ఒకటి కొత్తది: సెలెరాన్ ఎన్4500, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, విండోస్ 11, ఏడాది వారంటీ. రెండోది వాడినది: డెల్ లాటిట్యూడ్ 5480, ఐ5-7300యూ, 8 జీబీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ. ఇందులోనూ విండోస్ 11 వేసే ఉంది, వారంటీ మాత్రం 3 నెలలే. ఏది తీసుకోమంటారు?

బోర్డు_రిపేరు:
రెండూ వద్దండీ. కారణాలు వేరు వేరు.

కొత్తదాంట్లో ఆ 64 జీబీ ఎస్ఎస్‌డీ (ల్యాప్‌టాప్‌లకి వాడే వేగమైన స్టోరేజ్) కాదు, ఈఎంఎంసీ. ఫోన్లలో వాడే రకం చిప్పు, మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. 64 అని రాసినా విండోస్‌లో కనిపించేది 58 జీబీ దాకానే. విండోస్, దాని అప్‌డేట్లు పోగా మిగిలేది తక్కువ. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌కి చోటు చాలక సగంలో ఆగి వెనక్కి వెళ్తుంది, మర్నాడు మళ్లీ మొదలుపెడుతుంది. క్లాసు టైముకి మెషిన్ స్లో అయిందని జనం అనుకునేది చాలాసార్లు ఇదే. ర్యామ్ 4 జీబీలో సగం పైగా విండోస్‌కే పోతుంది. మీట్ పెట్టి పక్కన క్లాస్‌రూమ్ ట్యాబ్ తెరిస్తే మాట తెగుతుంది. ఈ రకం మెషిన్లలో ర్యామ్ కూడా ఎక్కువగా బోర్డుకే సోల్డర్ చేసి వస్తుంది, తర్వాత పెంచుకునే దారి ఉండదు.

రెండోదాని బాడీ, కీబోర్డు గట్టివే. చిక్కంతా ప్రాసెసర్‌తో. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే. 7300 అంటే 7వ తరం. విండోస్ వేసేటప్పుడు ప్రాసెసర్ సరిపోతుందో లేదో చూసే చెకింగ్ ఒకటుంటుంది, షాపువాళ్లు దాన్ని దాటించి వేసి ఉంటారు. ఇప్పటికి బాగానే నడుస్తుంది, కానీ ఏటా వచ్చే కొత్త వెర్షన్ దానంతట అది రాదు, ప్రతిసారీ ఎవరో ఒకరు చేత్తో ఎక్కించాలి. విండోస్ 10కి వెనక్కి వెళ్దామంటే దాని మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది.

అదే షాపులో లాటిట్యూడ్ 5490 గానీ, థింక్‌ప్యాడ్ టీ480 గానీ, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 గానీ అడగండి. ఐ5-8250యూ లేదా 8350యూ, 8 జీబీ, 256 ఎస్ఎస్‌డీ ఉండాలి. మోడల్ నంబరు చూసి ఊరుకోవద్దు, 5490లో కూడా 7వ తరం చిప్పుతో వచ్చినవి ఉన్నాయి. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో ప్రాసెసర్ పేరు మీరే చదవండి. ఈ మూడింట్లోనూ ర్యామ్‌కి రెండు స్లాట్లుంటాయి. 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉన్నది దొరికితే మేలు, రేపు ఇంకో డీడీఆర్4 స్టిక్ పెడితే 16 అవుతుంది.

డబ్బు ఇచ్చేముందు షాపులోనే చేయాల్సినవి చెబుతాను. అరగంట పడుతుంది, తొందరపెడితే వినకండి.

ముందుగా బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మెషిన్ సెట్టింగుల్లోకి వెళ్లండి. ఆన్ చేయగానే ఈ కీ నొక్కాలి: డెల్‌కి ఎఫ్2, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1, హెచ్‌పీకి ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషిన్ అక్కడే వదిలేయండి. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తెలియకపోతే కంపెనీ చెప్పే మార్గం బోర్డు మార్చడమే.

తర్వాత విండోస్ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి మొదటినుంచి సెటప్ చేయమనండి. ఇవి ఆఫీసుల నుంచి వచ్చిన మెషిన్లు. పాత కంపెనీ తన జాబితా నుంచి తీసేయకపోతే సెటప్ మధ్యలో ఆ కంపెనీ పేరు వచ్చి వాళ్ల ఈమెయిల్‌తో లాగిన్ అవమంటుంది. ఇంటర్నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తే ఈ సంగతి బయటపడదు.

ఇక బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఫైలు ఎక్కడ పెట్టిందో స్క్రీన్ మీదే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో 70 శాతం కంటే తక్కువైతే బ్యాటరీ మార్చి ఇమ్మనండి, లేదా ధర తగ్గించమనండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, నొక్కితే క్లిక్ కాకపోయినా కింద బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించాలి. పిల్లలుండే ఇంట్లోకి అలాంటిది రానే కూడదు.

డెల్ అయితే చార్జర్ కూడా చూడండి. వాటి గుండ్రటి పిన్ మధ్యలో ఉండే సన్నటి సూది ద్వారా మెషిన్ చార్జర్‌ని గుర్తుపడుతుంది. డూప్లికేట్ అయినా, సూది వంగినా, ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదని మెసేజ్ వస్తుంది. బ్యాటరీ ఎక్కదు, మెషిన్ కూడా నెమ్మదిస్తుంది. టీ480 అయితే చార్జింగ్ టైప్-సీ పోర్టు ద్వారానే. ఆ పోర్టుని నడిపే థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (చిప్పులోనే ఉండే సాఫ్ట్‌వేర్)లో లోపం వల్ల కొన్నాళ్లకి పోర్టు పనిచేయకుండా పోవచ్చు. లెనోవో సైట్‌లో అప్‌డేట్ ఉంది, కొన్న రోజే వేసేయండి.

వరంగల్_ల్యాబ్:
పైన చెప్పిన చెకింగ్ అంతా నిజమే. ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. పక్కన ఉండి ఇవన్నీ చూసే మనిషి లేకపోతే వాడినదాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అయితే పది షాపులు తిరిగి పోల్చుకోవచ్చు, ఏదైనా పాడైతే పార్టు అక్కడే దొరుకుతుంది. అన్ని ఊళ్లలో ఆ వీలుండదు.

కొత్తదే కావాలంటే ఎన్100 లాంటి నాలుగు కోర్ల చిప్పు, 8 జీబీ, నిజమైన ఎస్ఎస్‌డీ ఈ మూడూ ఉన్నదే చూడండి. ఎన్4500లో ఉన్నవి రెండే కోర్లు. బడ్జెట్ ఒక రెండు మూడు వేలు దాటినా సరే, 4 జీబీకి మాత్రం దిగొద్దు.

క్రోమ్‌బుక్ కూడా ఆలోచించండి, అంటే విండోస్ బదులు గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్. మీ పనులన్నీ బ్రౌజర్‌లో అయ్యేవే, స్క్రాచ్ కూడా. 4 జీబీలోనూ విండోస్ కన్నా హాయిగా నడుస్తుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ క్రోమ్‌ఓఎస్, అడిషనల్ డీటెయిల్స్‌లో అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో ఉంటుంది. ఆఫర్‌లో మరీ చవగ్గా వచ్చేవాటిలో ఆ తేదీ దగ్గరపడినవి ఉంటాయి, కనీసం నాలుగేళ్లు మిగిలి ఉండాలి. స్కూలువాళ్లు విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇస్తే మాత్రం ఇందులో ఎక్కదు. ముందే అడిగి తెలుసుకోండి.

కంప్యూటర్_టీచర్:
ఖమ్మం అమ్మగారూ, ఏది కొన్నా కొన్ని సంగతులు.

స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు బాగా కనిపించే రకం) కావాలి. పాత టీ480ల్లో 1366×768 టీఎన్ అనే చవక రకం ప్యానెల్‌తో వచ్చినవి చాలా ఉన్నాయి. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుంటే పక్కనుంచి చూసేవాడికి రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అక్షరాలు చిన్నవౌతాయి కాబట్టి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టండి.

పిల్లలకి ఒక్కొక్కరికి విడిగా అకౌంట్ చేయండి, అడ్మిన్ అకౌంట్ మీ దగ్గరే ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో రోజుకి ఎంతసేపు అన్నది పెట్టొచ్చు. కానీ అందులోని వెబ్ ఫిల్టర్ ఎడ్జ్ బ్రౌజర్‌కే. అది ఆన్ చేస్తే క్రోమ్ ఆగిపోతుంది, అది పాడైపోవడం కాదు. రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లని చిరునామాలుగా మార్చే సర్వర్) దగ్గర 1.1.1.3 అని పెడితే పెద్దల సైట్లు ఇంట్లోని అన్ని పరికరాల్లోనూ చాలావరకు ఆగుతాయి. ఫోన్ హాట్‌స్పాట్‌తో క్లాసు వింటే మాత్రం రౌటర్ సెట్టింగు వర్తించదు.

తెలుగు టైపింగ్‌కి విడిగా ఏమీ కొనక్కర్లేదు. విండోస్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చి, కీబోర్డుగా తెలుగు ఫొనెటిక్ పెట్టుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినది తెలుగులోకి వస్తుంది. తెలుగు సార్ పంపిన వర్డ్ ఫైలు అర్థంకాని గుర్తులతో తెరుచుకుంటే అది ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో చేసింది అయి ఉంటుంది. మీ మెషిన్‌లో తప్పేం లేదు, పీడీఎఫ్‌గా పంపమని అడగండి.

వర్డ్ కోసం డబ్బు పెట్టొద్దు. బ్రౌజర్‌లో ఉచితంగా వచ్చే ఆఫీస్ గానీ గూగుల్ డాక్స్ గానీ ఈ తరగతులకి సరిపోతుంది. ఆ డబ్బుతో మైకున్న వైరు హెడ్‌ఫోన్ కొనండి. ల్యాప్‌టాప్‌లో ఒకే ఆడియో జాక్ ఉంటుంది, కాబట్టి ప్లగ్గు మీద మూడు నల్ల గీతలున్నది తీసుకోవాలి.

ఖమ్మం_అమ్మ:
షాపులో 5490 ఉందన్నారు. ఐ5-8350యూ, 8 జీబీ, 256. బ్యాటరీ రిపోర్ట్‌లో 68,000కి 41,000 చూపించింది. సెటప్‌లో కంపెనీ పేరేమీ రాలేదు, బయోస్ పాస్‌వర్డ్ అడగలేదు. ముట్టుకుంటే మాత్రం సన్నగా జిల్లుమంటోంది. కొనొచ్చా?

బోర్డు_రిపేరు:
బ్యాటరీ 60 శాతమే. కొత్తది వేసి ఇమ్మనండి, బిల్లులో బ్యాటరీకి కనీసం 6 నెలల వారంటీ రాయించండి. జిల్లుమనడానికి ఎక్కువసార్లు కారణం ఎర్తింగ్. చార్జర్ వైరు చివర మూడు పిన్నుల ప్లగ్గు ఉందో లేదో, దాన్ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చారేమో చూడండి. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న వేరే సాకెట్‌లో నేరుగా పెట్టి ముట్టుకోండి. అక్కడా జిల్లుమంటే చార్జర్ మార్చి ఒరిజినల్‌ది ఇమ్మనండి. అదీ కుదరదంటే ఆ పీసు వద్దు, అదే మోడల్‌లో ఇంకొకటి చూపించమనండి.