సమ్యక్ దర్శనం లేకపోతే ఉపవాసాలు వృథాయేనా?

భీమవరం వాసి:
మా వీధిలో బట్టల కొట్టు నడిపే జైన పెద్దాయన పొద్దు గూకకముందే భోజనం ముగించేస్తారు, కాచి చల్లార్చిన నీళ్ళే తాగుతారు, వీలైనప్పుడల్లా పెదఅమిరం మందిరానికి వెళ్ళొస్తారు. అలాంటి మనిషే మొన్న "సమ్యక్ దర్శనం లేకుండా ఇవన్నీ చేస్తే పుణ్యం వస్తుంది గానీ మోక్షం రాదు" అన్నారు. నాకు మింగుడుపడలేదండి. నడవడిక బాగున్నా నమ్మకం లేదని ముక్తి ఆపేస్తారా?

అమలాపురం:
ఆపడానికి అక్కడ తీర్పు చెప్పే దేవుడే లేడండి. దర్శనం, జ్ఞానం, చారిత్రం (అంటే నడవడిక) మూడూ కలిస్తేనే మోక్షమార్గం అని జైనుల మూలగ్రంథం తత్త్వార్థ సూత్రం మొదటి మాటే చెబుతుంది. అందులో దర్శనం అంటే జీవుడేమిటి, కర్మ ఎలా వచ్చి అంటుకుంటుంది, ఎలా ఆగుతుంది, ఎలా రాలుతుంది అన్నదాని మీద ఉన్నదున్నట్టు గురి కుదరడం. అది లేకుండా ఉపవాసం చేస్తే "నేను ఇన్ని చేశాను" అనే గర్వం కొత్తగా పట్టుకుంటుంది, దాంతో కర్మ ఇంకా వచ్చి చేరుతుంది. తూము మూయకుండా మడిలో నీళ్ళు తోడుతుంటే ఎప్పటికి ఆరుతుంది? దర్శనమే ధర్మానికి వేరు అని జైన గురువు కుందకుందాచార్యులు అన్నది ఇందుకే.

కాకినాడ:
సోమరులకి ఇంతకంటే మంచి సాకు దొరకదు. మోక్షం దాకా ఆత్మ ఎక్కే 14 మెట్లలో, అదే గుణస్థానాల్లో, నాలుగోది, అవిరత సమ్యగ్దృష్టి, చూడండి. దర్శనం ఉంటుంది, వ్రతనియమం ఒక్కటీ ఉండదు.

అమలాపురం:
పైన ఇంకా పది ఉన్నాయి కదండీ! శ్రేణిక మహారాజు, అదే బింబిసారుడు, మహావీరుడి భక్తుడు, చెదరని దర్శనం ఉన్నవాడు, ముందు ముందు తీర్థంకరుడవుతాడని జైనులు చెబుతారు. అయినా అంతకుముందే కట్టుకున్న కర్మ వల్ల నరకానికి వెళ్ళక తప్పలేదట. ఇక సాకు ఎక్కడ? దర్శనానికి చెప్పిన గుర్తుల్లో అనుకంప ఒకటి. సాటి ప్రాణి మీద జాలి పుట్టనివాడు నాకు దర్శనం ఉందంటే నేను నమ్మను.

భీమవరం వాసి:
నిన్న ఆయన నూతి నీళ్ళు గుడ్డలో వడకట్టడం చూశాను. తర్వాత ఆ గుడ్డ తిరగేసి, వడకట్టిన నీళ్ళతోనే మెల్లగా జాడించి, ఆ జాడించిన నీళ్ళని చేదలో పోసి నూతి అడుగు దాకా దించి వదిలారు. ఎందుకండీ అంటే "వాటి ఇల్లు అదే కదా బాబూ" అన్నారు. గుడ్డ మీద నాకే పురుగూ కనబడలేదు. కాకినాడ గారూ, దీన్ని ఆచారం అందామా, దర్శనం అందామా? రాత్రి నుంచీ ఆలోచిస్తున్నాను, విడదీయలేకపోతున్నాను.