తొడ ఎముక విరిగితే "ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గాలి" అని ఆపరేషన్ ఆపడం వైద్యమా, బిల్లు పెంచే సాకా?

షేక్‌పేట్_శీను:
మా బావమరిదికి ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు మీద బండి యాక్సిడెంట్ అయింది. తొడ ఎముక విరిగింది. పక్కటెముకలు విరిగి ఒక పక్క ఊపిరితిత్తి కమిలింది. ప్రైవేటు ఆసుపత్రిలో (పేరు అడగొద్దు) ఆ రాత్రి తొడకి బయటి నుంచి రాడ్లు బిగించారు. లోపల వేయాల్సిన రాడ్ మాత్రం వేయలేదు. "ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉంది, తగ్గాక చేద్దాం" అన్నారు. జ్వరం, పల్స్ 120, తెల్లకణాలు 16 వేలు. బ్లడ్ కల్చర్‌లో ఏ క్రిమీ లేదు. తర్వాత ఆయాసం ముదిరి వెంటిలేటర్ పెట్టారు. లోపలి రాడ్ పడేసరికి వారం దాటింది. మనిషి బతికాడు, వాకర్‌తో నడుస్తున్నాడు. క్రిమి లేనప్పుడు అంత జ్వరం దేనికొచ్చింది? విరిగిన కాలితో వారం పడుకోబెట్టడం వైద్యమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. పసుపు పాలు మాత్రం చెప్పకండి.

కూకట్‌పల్లి_కాకా:
పసుపు పాలని తక్కువ చేసి మాట్లాడొద్దు తమ్ముడూ.

నైట్‌డ్యూటీ_అక్క:
శీను గారూ, నేను సర్కారు దవాఖానలో ట్రామా ఐసీయూ నర్సుని. క్రిమి లేని జ్వరం మాకు రోజూ కనిపించేదే. పెద్ద దెబ్బకి కండ, ఎముక నలిగితే కణాలు పగిలి లోపలి సరుకంతా రక్తంలో కలుస్తుంది. అందులో మైటోకాండ్రియా ముక్కలుంటాయి. ఈ మైటోకాండ్రియా పూర్వం విడిగా బతికిన బ్యాక్టీరియా సంతతే, వంద కోట్ల ఏళ్లకి ముందే కణాల్లో చేరి స్థిరపడింది. దాని డీఎన్ఏలో ఆ పోలికలు ఇంకా పోలేదు. అది రక్తంలో తేలితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బ్యాక్టీరియా వచ్చిపడిందనే అనుకుని రెచ్చిపోతాయి. ఇన్‌ఫ్లమేషన్, వాపు అని డాక్టర్లు అనేది దీన్నే. 2010లో నేచర్ పత్రికలో ఈ సంగతి వచ్చింది. జ్వరం (లేదా ఒళ్లు చల్లబడటం), పల్స్ 90 దాటడం, ఊపిరి నిమిషానికి 20 దాటడం, తెల్లకణాలు 12 వేలు దాటడం లేదా 4 వేలకి తగ్గడం, వీటిలో రెండు ఉంటే సర్స్ (SIRS, ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్ ఉందని అర్థం, సార్స్ జబ్బు కాదు) అని 1992 నుంచి కేస్ షీట్లలో రాస్తున్నారు. మీవాళ్లకి మూడు కచ్చితంగా ఉన్నాయి.

అసలు ఇబ్బంది తర్వాత వస్తుంది. రెచ్చిపోయిన న్యూట్రోఫిల్స్ ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని గోడల్ని దెబ్బతీస్తాయి. నీరు కారి గాలి గదుల్లోకి చేరుతుంది. సరిగ్గా ఆ సమయంలో తొడ ఎముకని లోపల తొలిచి రాడ్ దింపితే, మజ్జలోని కొవ్వు రక్తంలోకి ఎక్కి నేరుగా ఆ ఊపిరితిత్తులకే పోతుంది. సెకండ్ హిట్ అనేది దీన్నే. బయటి రాడ్లు వేసి ఆగింది అందుకే.

లెక్కలమాస్టారు:
మేడం, ఒకే ఒక్క పాయింట్. కల్చర్ నెగటివ్. క్రిమి లేదని మీరే అంటున్నారు. మరి యాంటీబయోటిక్ దేనికి ఎక్కించినట్టు? శీను గారూ, బిల్లు చూడండి, ఖాయంగా ఉంటుంది.

షేక్‌పేట్_శీను:
ఉంది మాస్టారూ. పేజీకి సగం అదే.

నైట్‌డ్యూటీ_అక్క:
కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది సార్. అప్పటిదాకా పేషెంటుని గాలికి వదిలేయాలా? ముందే మందు పడితే క్రిమి ఉన్నా నెగటివ్ రావచ్చు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిందంటే మొదటి గంటలోనే ఇవ్వాలి.

లెక్కలమాస్టారు:
ఎముక బయటికొచ్చిందా శీను గారూ?

షేక్‌పేట్_శీను:
లేదు. చర్మం చెక్కుకుపోయిందంతే.

లెక్కలమాస్టారు:
అయితే నా పాయింట్ నిలబడినట్టే.

అమీర్‌పేట్_అజ్ఞాతవాసి:
ఇంత చర్చ దేనికి? స్టెరాయిడ్ వేస్తే వాపు మొత్తం దిగిపోదా? కోవిడ్‌లో మా నాన్నకి అదే వేశారు, లేచి కూర్చున్నారు.

ఎముకల_పీజీ:
ఆర్థో పీజీని. మీరన్న మాటే నమ్మి తలకి దెబ్బ తగిలినవాళ్లకి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వేశారు అన్నా. చివరికి క్రాష్ అనే ట్రయల్ పెట్టి 10,008 మంది మీద చూశారు. 2004లో ఫలితం వచ్చింది. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ వేసినవాళ్లలో 21 శాతం, వేయనివాళ్లలో 18 శాతం. మధ్యలోనే ట్రయల్ ఆపేశారు. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పనిచేసింది, కాదనను. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టలేం. పెద్ద దెబ్బ తగిలినవాళ్ల తెల్లకణాల్లో వాపు పెంచే జన్యువులూ, రోగనిరోధకతని అణిచే జన్యువులూ ఒకేసారి పనిచేస్తుంటాయని 2011లో అమెరికాలో తేల్చారు. అలాంటి ఒంట్లో ఇంకా అణిచే మందు వేస్తే న్యుమోనియాని పిలిచి పీట వేసినట్టే.

మౌనవీక్షకుడు_99:
ఫాలోయింగ్.

షేక్‌పేట్_శీను:
పీజీ గారూ, నేనూ కాస్త చదివాను. 1989లో డాలస్‌లో తొడ ఎముక విరిగిన 178 మందిని చూశారు. 24 గంటల్లోపు ఎముక బిగించినవాళ్లు ఒక వైపు, 48 గంటలు ఆగినవాళ్లు ఇంకో వైపు. ఒళ్లంతా దెబ్బలున్నవాళ్లలో ఆగినవాళ్లకే ఊపిరితిత్తుల ఇబ్బందులు, ఐసీయూ రోజులు ఎక్కువ. ఖర్చు కూడా ఎక్కువైంది. దీనికేమంటారు?

ఎముకల_పీజీ:
అది మాకు మొదటి ఏడాదే చెప్తారు. నిలకడగా ఉన్న పేషెంటుకి ఇప్పటికీ అదే పాటిస్తాం, 24 గంటల్లో రాడ్. కానీ 1993లో జర్మనీలో హానోవర్ వాళ్లు ఛాతీ దెబ్బ ఉన్నవాళ్లని విడిగా చూస్తే, తొందరపడి రాడ్ వేసినవాళ్లలోనే ఊపిరితిత్తులు ఎక్కువ దెబ్బతిన్నాయి. అక్కడి నుంచే ఈ బయటి రాడ్ల పద్ధతి బలపడింది. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా పెద్ద ఆపరేషన్ పెట్టుకోవద్దంటారు, వాపు ముదిరి ఉండేది అప్పుడే. ఐదు నుంచి పది రోజుల మధ్య చేస్తారు. మీవాళ్లకి వారం దాటాక పడింది, లెక్కకి సరిపోయింది. ఇంతకీ మొదటి రాత్రి లాక్టేట్ ఎంత?

షేక్‌పేట్_శీను:
అదేంటి?

ఎముకల_పీజీ:
ఒంటికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందుతున్నాయో లేదో చెప్పే రక్తపరీక్ష. అది దిగితే ఆపరేషన్‌కి తట్టుకుంటాడని ధైర్యం. డిశ్చార్జ్ సమ్మరీలో ఉందేమో చూడండి.

షేక్‌పేట్_శీను:
లేదు. "ట్రీటెడ్ కన్జర్వేటివ్లీ" (ఆపరేషన్ లేకుండా వైద్యం చేశాం) అని ఒక ముక్క రాసి వదిలేశారు.

లెక్కలమాస్టారు:
చూశారా. యాంటీబయోటిక్‌కి పేజీలు, లాక్టేట్‌కి గీత కూడా లేదు. ఇది వైద్యం కాదు, వ్యాపారం.

నైట్‌డ్యూటీ_అక్క:
మాస్టారూ, మా దవాఖానలో బిల్లే లేదు. అయినా ఛాతీ దెబ్బ ఉంటే మేమూ ఆపుతాం. మా సార్లకి దాంతో ఏం మిగులుతుందో చెప్పండి.

షేక్‌పేట్_శీను:
మీ దగ్గర థియేటర్ ఖాళీ లేక ఆపుతారు మేడం. ఆ సంగతి హైదరాబాద్‌లో ఎవరికి తెలీదు?

నైట్‌డ్యూటీ_అక్క:
ఈ మాట నాతో ఎదురుగా అనండి. ఒకరు ఉండాల్సిన చోట ముగ్గురు పేషెంట్లని చూసుకుంటూ రాత్రంతా గొంతులో కఫం లాగే సక్షన్ పెట్టేది మేము. మీ కోపం ఎవరి మీదో వాళ్ల మీద చూపించండి. మీరు అడిగింది జ్వరం ఎందుకని, చెప్పాను. రాడ్ ఎందుకు ఆపారని, చెప్పాను. ఇంకేం కావాలి మీకు?

కూకట్‌పల్లి_కాకా:
నిమ్మళం, నిమ్మళం.

షేక్‌పేట్_శీను:
ఏం కావాలో చెప్తా వినండి. ఘట్‌కేసర్‌లో మా అత్తమ్మ పేరు మీదున్న ప్లాటు అమ్మి కట్టాం. పెద్ద డాక్టర్ గారు లిఫ్ట్ తలుపు మూసుకుపోతుంటే "ఇన్‌ఫ్లమేషన్, ఆగుదాం" అన్నారు. అంతే, కిందికి దిగిపోయారు. అత్తమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడింది, "ఏమన్నాడు బాబూ?" అని నన్నడిగింది. నేనేం చెప్పను? మీ మైటోకాండ్రియా నిజమే, ఒప్పుకుంటా. ఆగడం సరైనదే కావచ్చు. కానీ ఆగిన ప్రతి రోజుకీ నా దగ్గర డబ్బు వసూలు చేసేవాడే "ఇంకో రోజు ఆగుదాం" అంటే, అది వైద్యం కోసమే అన్నాడని నేను ఎట్లా నమ్మాలి? మందులో తప్పుందని కాదు నా బాధ.

నైట్‌డ్యూటీ_అక్క:
అట్లయితే మొదటే ఇది అడగాల్సింది. నమ్మకం లేదని కాలు ఎప్పుడు బిగించాలో అటెండెంట్లు తేలుస్తారా? నిన్ననే ఒకాయన మా డ్యూటీ డాక్టర్ కాలర్ పట్టుకున్నాడు, "తొందరగా చెయ్" అని.

షేక్‌పేట్_శీను:
అటెండెంట్లని ఎవరన్నారు? ఆ బిల్లుతో సంబంధం లేని ఇంకో డాక్టర్ ఒక్క మాట చెప్పాలి, అంతే.

ఎముకల_పీజీ:
రాత్రి రెండు గంటలకి అలాంటి డాక్టర్ ఎక్కడ దొరుకుతాడన్నా? ఉన్న డాక్టర్లే చాలట్లేదు. కానీ కేస్ షీట్ మీ హక్కు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాచాలి కూడా. నర్సింగ్ చార్ట్, ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్ చూసే పరీక్ష) రిపోర్టులు కలిపి అడగండి.

*(వారం తర్వాత)*

షేక్‌పేట్_శీను:
ఫైల్ వచ్చింది. మొదటి రాత్రి లాక్టేట్ 5.6. మర్నాడు ఉదయం 2.2.

ఎముకల_పీజీ:
5.6 మీద రాత్రి రాడ్ వేయకపోవడం ముమ్మాటికీ సరైనదే. ఉదయం 2.2 ఒక్కదాన్నే చూస్తే చేసి ఉండొచ్చు. ఊపిరితిత్తి కమిలింది కాబట్టి నేనైతే ఆగేవాణ్ని. మా యూనిట్ చీఫ్ అయితే ఆ ఉదయమే థియేటర్‌కి ఎక్కించేవారు.

షేక్‌పేట్_శీను:
అంటే ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పేవారన్నమాట. మాకు మాత్రం ఒకటే చెప్పారు, ఇంకో దారి లేదన్నట్టు.

నైట్‌డ్యూటీ_అక్క:
రెండూ చెప్తే, ఆ రోజు ఏది ఎంచుకునేవారు మీరు?

లెక్కలమాస్టారు:
అది తర్వాత. ఫైల్‌లో యాంటీబయోటిక్ ఎన్ని డోసులో చూడండి శీను గారూ. ఫొటో పెట్టండి, ఒక్క పేజీ చాలు.