సమస్యాపూరణం: ‘ఉప్పు హెచ్చ కథకు నొప్పు హెచ్చె’

నిర్వాహకుడు, తిరుపతి:

ఈ వారం సమస్య ఆటవెలదిలోని చివరి పాదం. కూరలో ఉప్పు ఎక్కువైతే విస్తరి ముందు కూర్చున్నవారు ముఖం చిట్లిస్తారు గాని, దానివల్ల కథకు అందం పెరిగిందని ఎవరూ అనరు. పొసగని ఈ మాటను పొసగించి చూపడమే మీ పని. అయితే ఈసారి ఒక నియమం పెడుతున్నాను. మనలో కొందరం కిందటి ఆదివారం కలిసి చూసిన ‘ది లంచ్‌బాక్స్’ చిత్రాన్ని (రితేశ్ బాత్రా దర్శకత్వం, 2013) ఆధారంగా తీసుకుని, దాని కథాసంధులలో (నాటకశాస్త్రం కథను విభజించే అయిదు ఘట్టాలలో) ఏదో ఒకటి పద్యంలో కనబడేటట్లు పూరించాలి. పై పాదం ద్రుతంతో (పదం చివర వచ్చే నకారంతో) ముగిస్తే సమస్యను ‘నుప్పు’ అని, లేకుంటే ‘యుప్పు’ అని మొదలుపెట్టుకోవచ్చు.

చిత్రం చూడనివారికోసం కథ క్లుప్తంగా చెబుతాను. ముంబయిలో ఇల అనే గృహిణి భర్త మనసు తనవైపు తిప్పుకోవాలని శ్రద్ధగా వండి పంపిన డబ్బా, దారి తప్పి సాజన్ ఫెర్నాండెజ్ అనే, ఉద్యోగ విరమణకు దగ్గరపడిన గుమాస్తా బల్లమీదికి చేరుతుంది. డబ్బా ఖాళీగా తిరిగివచ్చినందుకు ఆమె మురిసిపోయినా, సాయంత్రం భర్త మాటలనుబట్టి అతడు తిన్నది తన వంట కాదని తెలుసుకుంటుంది. మరునాడు ఆమె డబ్బాలో ఒక చీటి పెడితే, దానికి వచ్చిన జవాబు ఆనాటి వంటలో ఉప్పు చాలా ఎక్కువైందని. మన సమస్య పుట్టింది ఆ వాక్యంనుంచే.

ప్రశ్న, కుప్పంనుంచి ఒక సభ్యుడు:

అయ్యా, నాలుగో గణం మొదట ‘నొ’ ఉన్నది, పాదం మొదట ‘ఉ’ ఉన్నది. యతి కుదిరినట్లేనా?

నిర్వాహకుడు:

కుదిరినట్లే. ‘కథకున్ + ఒప్పు’ కలిసి ‘కథకు నొప్పు’ అయింది కాబట్టి యతిని ఒకారంతో చూడాలి. ఉకారానికి ఒకారానికి మైత్రి ఉన్నది. వేమన ‘ఉప్పు కప్పురంబు నొక్క’ అన్న చోట పాటించిన పద్ధతి ఇదే.

మొదటి పూరణ, చంద్రగిరి సభ్యురాలు:

సద్ది దారి తప్పి సాజను దరిఁ జేరఁ
జీటిలోన నతఁడు చెప్పె నిజము
తప్పు తెలుప నాపె దగ్గరైనది చూడ
నుప్పు హెచ్చ కథకు నొప్పు హెచ్చె

మా యింట్లో నైవేద్యానికి వండే రోజున అమ్మ పులిహోరను నోట వేసుకుని చూసేది కాదు. ఎంగిలి కాకూడదు కనుక కల్లుప్పును అరచేతిలో పోసుకుని, వేళ్ళు మెల్లగా ముడిచి, బరువునుబట్టి ఎంత వేయాలో నిర్ణయించేది. సరిపోయిందో లేదో ప్రసాదం పంచిన తరువాత తిన్నవారు చెబితేనే ఆమెకు తెలిసేది. ఇల పరిస్థితి కూడా అటువంటిదేనని నాకు తోచింది. ఎన్నాళ్ళుగానో వండుతున్న ఆ మనిషికి మొదటిసారి ఒక నాలుక నిజం చెప్పింది.

నిర్వాహకుడు:

అమ్మా, మీ పూరణ నిర్దోషంగా ఉన్నది. ‘క్యారేజి’ అనకుండా ‘సద్ది’ అనడంతో పద్యానికి మన నేల వాసన వచ్చింది. నైవేద్యం గురించి మీరు చెప్పిన మాట పద్యంకంటె ఎక్కువగా నన్ను ఆలోచింపజేసింది. భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసం అంటే ఏమిటన్న ప్రశ్న వేసి, ఆస్వాదింపదగినది కాబట్టి రసమయిందని చెప్పి, నానావిధాల వ్యంజనాలతో కూడిన అన్నాన్ని తిని ఆనందించే మనిషినే ప్రేక్షకునికి ఉపమానంగా తెస్తాడు. అంటే రుచికి సాక్షి తినేవాడే. ఈ చిత్రంలో కథ నడిచేది వంట గొప్పతనంవల్ల కాదు, తిన్నవాడు నోరు విప్పడంవల్ల; భర్త మెచ్చుకోడు, తిట్టడు, అందుకే అతనివైపు కథ కదలనే కదలదు.

సంధుల విషయంలో ఒక చిన్న సవరణ చెప్పవలసి ఉన్నది. ముఖసంధిలోని, అంటే కథ మొదటి ఘట్టంలోని బీజం డబ్బా దారి తప్పడమే గాని ఉప్పు కాదు. పొరపాటు జరిగిందని తెలిసి కూడా ఇల మరునాడు అదే డబ్బాను చీటితో పంపడం ఆరంభం. ఉప్పు గురించిన జవాబుతో బీజం మొలకెత్తి రెండో సంధి అయిన ప్రతిముఖంలోకి వస్తుంది. మీ పద్యంలో ఆ క్రమం సరిగానే ఉన్నది కాబట్టి ఇది వ్యాఖ్యకు సంబంధించిన మాటే.

రెండవ పూరణ, పుత్తూరు సభ్యుడు:

మేడమీది పిన్ని మెల్లగాఁ జెప్పిన
మిరప మంట రేపె మెతుకునందు
నరటి పండ్లు రెండు నార్పె నా మంటల
నుప్పు హెచ్చ కథకు నొప్పు హెచ్చె

నిర్వాహకుడు:

గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. పై అంతస్తునుంచి తాడుకు కట్టిన బుట్టలో దినుసులు దించే ఆ పిన్నిని, ముఖమే కనబడకుండా గొంతుతో మాత్రమే బ్రతికిన ఆ పాత్రను, పద్యంలోకి తెచ్చినందుకు సంతోషం. అయితే అన్వయం కుదరలేదు. మొదటి మూడు పాదాలు మిరపకారాన్ని గురించి చెప్పి, నాలుగో పాదంలో ఉప్పు తగుదునమ్మా అని వచ్చి కూర్చుంటే, సమస్య పద్యానికి అతికించినట్లు ఉంటుంది గాని పద్యంలోనుంచి పుట్టినట్లు ఉండదు. కథలో ఉప్పు ముందు, కారం తరువాత. ఉప్పు మాట విని రోషం తెచ్చుకున్న పిన్ని సలహాతోనే మిరప పడింది కాబట్టి ఆ కార్యకారణాన్ని మూడో పాదం చెప్పాలి. ఇలా మార్చి చూడండి:

మొదటి తప్పె యింత ముచ్చట నడిపించె
నుప్పు హెచ్చ కథకు నొప్పు హెచ్చె

పుత్తూరు సభ్యుడు:

సవరణకు కృతజ్ఞతలు. అరటిపండ్లను వదులుకోవడానికి మనసొప్పడం లేదు గాని మీరు చెప్పిన కారణం సరైనదే. ఒక సందేహం: రైలులో ఆఫీసు ఫైళ్ళమీద పెట్టుకుని కూరగాయలు తరిగే షేక్ కథను పతాక అనవచ్చునా?

నిర్వాహకుడు:

తప్పక అనవచ్చు. పతాక అంటే ప్రధాన కథతో పాటు చాలా దూరం సాగుతూ, తన ప్రయోజనం తాను సాధించుకుంటూనే నాయకునికి ఉపకరించే ఉపకథ. సాజన్ ఉద్యోగంలోకి రాబోయే షేక్‌ను అతడు మొదట దగ్గరికి రానివ్వడు. ఇల పంపిన భోజనాన్ని అతనితో పంచుకోవడం మొదలైన తరువాతనే ఈ ఏకాకి మనసు తెరుచుకుంటుంది, చివరికి అనాథ అయిన ఆ యువకుని పెళ్ళిలో పెద్దదిక్కుగా నిలబడతాడు. తిరుగుతున్న ఫ్యానువంక చూస్తూ ఏళ్ళ తరబడి మంచంలో ఉన్న పిన్ని భర్త వృత్తాంతం చిన్నది కాబట్టి దానిని ప్రకరి అందాం.

మూడవ పూరణ, శ్రీకాళహస్తి సభ్యుడు:

వేచి చూచె నామె విందుబల్లకడను
చూచి దాఁగె నతఁడు వృద్ధుఁ డనుచుఁ
గంట నీటి యుప్పు గర్భసంధికి నిండె
నుప్పు హెచ్చ కథకు నొప్పు హెచ్చె

నిర్వాహకుడు:

కూరలోని ఉప్పును కంటిలోకి తేవడం మంచి ఊహ. సమస్యను ఇంత సులువుగా విప్పవచ్చునని నాకు తట్టలేదు. రెండో పాదంలో మాత్రం ‘చూ’కు ‘వృ’తో యతి చెల్లదు. ‘చూచి దాఁగె’ బదులు ‘వెనుక నిలిచె’ అంటే గణాలు చెడకుండా యతి కుదురుతుంది, అతని బెదురు కూడా చక్కగా తెలుస్తుంది:

వెనుక నిలిచె నతఁడు వృద్ధుఁ డనుచుఁ

సంధి నిర్ణయం బాగున్నది. స్నానాల గదిలో తాతగారి వాసనవంటిది తగిలి, అది తన వాసనేనని గ్రహించిన మనిషి, కలుసుకోవలసిన హోటలుకు వచ్చి కూడా ఆమె ఎదుట నిలబడలేకపోవడంలో ఆశ, భంగం రెండూ ఒక్కచోటనే ఉన్నాయి. మూడోదైన గర్భసంధికి కావలసింది అదే. కన్నీరు మాత్రం కవి కల్పనగా తీసుకుందాం. ఇల మరునాడు పంపిన జవాబు ఖాళీ డబ్బా.

నాలుగవ పూరణ, పలమనేరు సభ్యురాలు:

ఆ ఖాళీ డబ్బామీదనే నా ప్రయత్నం.

వట్టి డబ్బ వచ్చె వడ్డన లేదాయె
మాట లేని లేఖ మనసుఁ దాఁకె
లోటు తెలిసె నిపుడు, లోఁగడ నొకనాఁడె
యుప్పు హెచ్చ కథకు నొప్పు హెచ్చె

నిర్వాహకుడు:

అమ్మా, ఈ వారానికి ఇదే ఉత్తమమైన పూరణ అని నేను నిస్సంకోచంగా చెబుతున్నాను. మిగిలినవారందరూ సమస్యను జరుగుతున్న సంఘటనగా తీసుకుంటే, మీరు దానిని జ్ఞాపకంగా మార్చారు. ఏమీ లేని గిన్నెలను తెరిచి చూసిన మనిషికి, ఒకప్పుడు ఉప్పెక్కువని తాను తప్పు పట్టిన కూర గుర్తుకు రావడం ఎంత సహజంగా ఉన్నది! కథానిర్మాణం దృష్టితో చూసినా ఇది బిందువు. నడుమ తెగిపోయినట్లున్న కథను మళ్ళీ అందుకుని కలిపేదానిని ధనంజయుడు దశరూపకంలో బిందువన్నాడు. మీరు తెగిన చోట నిలబడి మొదటి పోగును పట్టుకున్నారు.

చిత్తూరు సభ్యుడు:

పద్యాలన్నీ ఆనందంగా చదివాను. నా అభ్యంతరం ఒక్కటే. నాటకానికి చెప్పిన పంచసంధులలో చివరిది నిర్వహణ, అక్కడ ఫలాగమం, అంటే ఫలం చేతికి అందడం, ఉండి తీరాలి. ఈ చిత్రంలో ఇల, సాజన్ కలిశారో లేదో మనకు చెప్పనే చెప్పరు. అటువంటప్పుడు ఈ చట్రాన్ని దీనికి బిగించడం న్యాయమేనా?

నిర్వాహకుడు:

అయ్యా, చాలా అవసరమైన ప్రశ్న. నాలుగోదైన విమర్శసంధివరకు చట్రం చక్కగా అమరుతుంది. భర్త చొక్కాకు అంటిన పరాయి వాసన, తండ్రి మరణం, ఆ శవం ఇంట్లో ఉండగానే తల్లి తనకు ఆకలిగా ఉన్నదని చెప్పడం, ఇవన్నీ ఇలను తన జీవితంవైపు తిప్పి నిలబెడతాయి. ఏళ్ళ తరబడి భర్తకు సేవచేసిన ఆ తల్లి నోట ఆకలి అన్న మాట రావడం నా దృష్టిలో చిత్రమంతటికీ పదునైన ఘట్టం. ఇల భూటాన్‌కు బయలుదేరాలనుకుంటుంది. నాశిక్‌కు వెళ్ళిన సాజన్ వెనుదిరిగి వచ్చి, భోజనం డబ్బాలు చేరవేసే డబ్బావాలాల భజనల నడుమ రైలులో కూర్చుని ఆమె యింటిని వెదుకుతూ పోతాడు. అక్కడ చిత్రం ఆగిపోతుంది. ఫలం ఇల చేతికి అందిందని చూపకపోయినా, ఇద్దరూ తమ యిళ్ళలోని నిశ్శబ్దంనుంచి బయటపడ్డారు కాబట్టి, ఫలమంటే కలయిక అనుకుంటే మీ అభ్యంతరం నిలుస్తుంది, మేలుకోవడం అనుకుంటే నిలవదు. నేను రెండోదానివైపు ఉన్నాను. ఆ భావంతో నా పూరణ:

ఫలము చెప్పకుండఁ బయనమే చూపించె
భజనపాట నడుమ బాట వెదకెఁ
గడకు మిగిలె నొక్క కమ్మని తొలిమాట
యుప్పు హెచ్చ కథకు నొప్పు హెచ్చె

పలమనేరు సభ్యురాలు:

నిర్వాహకులు మన్నించాలి. మొదటి పాదంలో ‘చూపించె’కు కర్త చిత్రం, రెండో పాదంలో ‘వెదకె’కు కర్త సాజన్; రెండూ చెప్పకపోవడంవల్ల చదివేవారు తడబడతారు. మొదటి పాదాన్ని ‘ఫలము తెలియకుండఁ బయనించె సాజను’ అంటే కర్త ఒక్కరే అవుతారు, యతి కూడా నిలుస్తుంది.

నిర్వాహకుడు:

మీరు చెప్పింది అక్షరాలా నిజం. పైగా ‘చెప్పకుండ’కంటె ‘తెలియకుండ’ అనడంతో పద్యం అతని పక్కన, అదే రైలుపెట్టెలో కూర్చున్నట్లయింది. పద్యాన్ని మీ సవరణతో మార్చి మళ్ళీ పెడుతున్నాను:

ఫలము తెలియకుండఁ బయనించె సాజను
భజనపాట నడుమ బాట వెదకెఁ
గడకు మిగిలె నొక్క కమ్మని తొలిమాట
యుప్పు హెచ్చ కథకు నొప్పు హెచ్చె