కొత్త కుర్రాళ్ళు ఆడకపోతే ఎన్నాళ్ళు ఓర్చుకోవాలి? (బుల్‌డాగ్స్ వాళ్ళే కాదు, అందరూ రండి)

టార్నీట్_బావ
నిన్న రాత్రి మెల్‌బోర్న్ మార్వెల్ స్టేడియంలో మన వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఫుటీ (ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, ఏఎఫ్‌ఎల్) ఆట అయ్యాక సదరన్ క్రాస్ స్టేషన్‌లో టార్నీట్ రైలు ఎక్కాం, నేనూ మా ఫ్రెండ్స్ ఇద్దరూ. బండి డీర్ పార్క్ చేరేలోపు ముగ్గురం మాట్లాడుకోవడం మానేశాం.

గొడవంతా ఒక కుర్రాడి గురించి. పేరు రాయను, మన వాళ్ళకి తెలుసు. ఆట మొత్తమ్మీద బంతి ముట్టుకున్నది ఐదుసార్లు. మూడో క్వార్టర్‌లో చేతుల్లో పడ్డ మార్క్ (తన్నిన బంతిని గాల్లోనే పట్టుకోవడం) జారవిడిచాడు. ఆ తర్వాత ఇంకో బంతి ఛాతీ మీదికే వస్తే పట్టుకున్నాడు. అంతే, మా వెనకున్న వరసలన్నీ లేచి ఒకటే ఈలలు, చప్పట్లు. మెచ్చుకుని కాదు, వెటకారానికి. మా వాడొకడూ లేచి చప్పట్లు కొట్టాడు. అదేంట్రా అంటే "మెంబర్‌షిప్ కట్టాను, నా ఇష్టం" అన్నాడు. ఆ కుర్రాడికి 19 ఏళ్ళు.

డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న పిల్లాడు ఆడలేకపోతుంటే మనం ఎన్నాళ్ళు ఓర్చుకోవాలి? ఏడాదా, మూడేళ్ళా? అసలు ఓర్చుకోవడం మన పనేనా? నాకైతే మన పాత ఆటగాడు టామ్ బాయ్డ్ గుర్తున్నంత కాలం నోరు లేవదు. మీ మాటేంటి?

ఓరుగల్లు_టైగర్
బావా, ఓపిక ఓపిక అంటరు గానీ ఓపికకు గూడ ఒక లెక్క ఉంటది. మా రిచ్‌మండ్ క్లబ్బు కత చెప్త ఇను. 2004 డ్రాఫ్ట్‌ల మాకు నాలుగో పిక్ వచ్చింది. మావోళ్ళు రిచర్డ్ టాంబ్లింగ్‌ను తీసుకున్నరు. ఐదో పిక్ హాథార్న్‌ది. ఆళ్ళు తీసుకున్నది బడ్డీ ఫ్రాంక్లిన్‌ను. బడ్డీ మొత్తం 1066 గోల్స్ కొట్టిండు. టాంబ్లింగ్ మా దగ్గర 108 ఆటలు ఆడి 2010ల అడిలైడ్‌కు పోయిండు. ఆరేండ్లు చూసిన్రు బావా, ఆరేండ్లు! అప్పుడు నేను ఈ దేశంల లేను. కానీ నేను రిచ్‌మండ్ స్కార్ఫ్ ఏసుకున్న మొదటి రోజే మా ఆఫీసుల ముసలాయన నన్ను కూసోబెట్టి చెప్పిన కత ఇదే. అంటే ఇంక ఆయన కడుపుల మంట సల్లారలే.

పైసలు పెట్టి టికెట్ కొన్నోడు గా మాత్రం అరవద్దా? సినిమా బాలేకపోతే బాలేదనమా?

డీమన్స్_అక్క
తమ్ముడూ, నాలుగో నంబరులో నన్ను తీసుకోండి అని టాంబ్లింగ్ అడిగాడా? తీసుకున్నది క్లబ్బు. పక్కవాణ్ణి వదిలేసిందీ క్లబ్బే. మరి జీవితాంతం ఆ మాట పడుతున్నది ఎవరు? అతను నార్తర్న్ టెరిటరీ నుంచి, ఇల్లూ మనుషులూ వదిలి మెల్‌బోర్న్ చలికి వచ్చిన పిల్లాడు. 108 ఆటలంటే చాలామందికి కలలో కూడా అందని లెక్క. బడ్డీ పక్కన నిలబెడితే ఎవడైనా పొట్టివాడే.

ఇక మా ఇంటి సంగతి, అంటే మెల్‌బోర్న్ డీమన్స్ క్లబ్బు సంగతి. జాక్ వాట్స్. 2008లో ఒకటో పిక్. మరుసటి ఏడు జూన్‌లో క్వీన్స్ బర్త్‌డే సెలవు రోజున కాలింగ్‌వుడ్ మీద మొదటి ఆట ఆడించారు. ఎంసీజీలో 60 వేలకు పైగా జనం. అప్పటికి ఆ అబ్బాయి ఇంకా స్కూల్లోనే, పన్నెండో తరగతి. ఆట మొదలవుతూనే కాలింగ్‌వుడ్ వాళ్ళు చుట్టుముట్టి భుజాలతో గుద్దారు. పీలగా ఉన్న పిల్లాడు, లేచాడు, పరిగెత్తాడు. ఆ వీడియో ఇప్పుడు చూసినా నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఎవరి కొడుకో కదా.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళ పాటు వాట్స్ అనగానే వచ్చే మాట ఒక్కటే: "రెండో పిక్ నిక్ నైటానుయి కదా!" తాత్కాలికంగా వచ్చినవాళ్ళతో కలిపి ఆరుగురు కోచ్‌ల కింద ఆడాడు. 2011లో జీలాంగ్ చేతిలో 186 పాయింట్లతో ఓడిపోయి, మర్నాడే కోచ్‌ని పంపించేసిన జట్టు మాది. అలాంటి కొంపలో పడేసి, వీడెందుకు ఎదగలేదంటే ఏం చెప్పాలి? అంతా అయ్యాక 2017 క్వీన్స్ బర్త్‌డేకి, అదే కాలింగ్‌వుడ్ మీద, చివరి నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టింది వాట్సే. నాలుగు పాయింట్లతో గెలిచాం. ఆ ఏడాది చివరే 31వ పిక్కుకి పోర్ట్ అడిలైడ్‌కి ఇచ్చేశారు.

కొత్తగా_వచ్చా
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. డీకిన్‌లో చదువుతున్నా, వచ్చి నాలుగు నెలలే. ఈ పిక్కుల గోలేంటి? ఐపీఎల్ వేలం లాంటిదా?

ఫుట్స్‌క్రే_పాతకాపు
వేలం కాదు తమ్ముడూ, ఇక్కడ డబ్బుతో పాడుకోవడం ఉండదు. ఏటా నవంబర్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది. చాలామంది 18 ఏళ్ళ పిల్లలే. ఆ ఏడు పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి ఎంపిక, దాని పై జట్టుకి రెండోది, అలా పైకి పోతుంది. పిక్కులు జట్ల మధ్య చేతులు మారుతుంటాయి, అది వేరే పురాణం. పిల్లాడికి మాత్రం నోరుండదు, ఎవరు పిలిస్తే ఆ ఊరికి మూటాముల్లె సర్దుకోవాలి.

తిరకాసు ఇక్కడే ఉంది. ఆ ఏటి మేటి కుర్రాడు పోయేది అన్నిటికంటే అధ్వాన్నమైన జట్టుకి. ఊళ్ళోకెల్లా చక్కని పిల్లని అప్పుల్లో మునిగిన ఇంటికి కోడలుగా పంపి, నువ్వెళ్ళాక కూడా ఇల్లు బాగుపడలేదేమమ్మా అని నిలదీసినట్టు.

ఓరుగల్లు_టైగర్
గురువు గారూ, ఉపమానం మంచిగుంది. కానీ గా కోడలికి మిలియన్ డాలర్లు ఇయ్యరు గద? టామ్ బాయ్డ్‌కు ఎంత ఇచ్చిన్రు? మీ బుల్‌డాగ్సోళ్ళే చెప్పాలె.

ఫుట్స్‌క్రే_పాతకాపు
చెప్తాను. 1999 నుంచి ఈ క్లబ్బు వెంట తిరుగుతున్నాను, నాకు తెలియంది కాదు.

2014 అక్టోబర్‌లో మా కెప్టెన్ రయన్ గ్రిఫెన్ నేను జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) జట్టుకి పోతానన్నాడు. కొద్దిరోజుల్లోనే కోచ్ మెకార్ట్నీ కూడా వెళ్ళిపోయాడు. ఇల్లు తగలబడుతుంటే గ్రిఫెన్‌కి బదులుగా జీడబ్ల్యూఎస్ నుంచి బాయ్డ్‌ని తెచ్చారు. 2013లో ఒకటో పిక్, రెండు మీటర్ల మనిషి. అప్పటికి ఆడింది 9 ఆటలు, వయసు 19. ఏడేళ్ళు, ఏడు మిలియన్లు అని పేపర్లు రాశాయి. ఇక చూడండి. మార్క్ వదిలితే "మిలియన్ డాలర్ మార్క్" అన్నారు, గోల్ తప్పితే "ఈ తన్నుకెంతరా" అన్నారు. అంత జీతం ఇచ్చింది క్లబ్బు. వచ్చే జీతం వద్దని మీరెవరైనా అంటారా? నేననను. మధ్యలో వీఎఫ్‌ఎల్‌కి, అంటే మన రిజర్వు జట్టుకి, కూడా దిగి వచ్చాడు.

2016లో ఏడో స్థానంలో ఫైనల్స్‌కి వెళ్ళాం. పెర్త్‌లో వెస్ట్ కోస్ట్, తర్వాత హాథార్న్, ఆ తర్వాత జీడబ్ల్యూఎస్, వరసగా ఓడించాం. గ్రాండ్ ఫైనల్లో సిడ్నీ. ఎంసీజీలో 99,981 మంది, వాళ్ళలో నేనొకణ్ణి. నాలుగో క్వార్టర్, ఆట ఎటూ తేలలేదు. మా డేల్ మారిస్ వెనక నుంచి వచ్చి, అప్పటికి సిడ్నీకి ఆడుతున్న బడ్డీ ఫ్రాంక్లిన్‌ని పట్టి పడేశాడు. బంతి జారి బాయ్డ్ చేతికొచ్చింది. గోల్ ఎక్కడో ఉంది, మామూలుగా ఎవడూ కొట్టడు. వాడు కొట్టాడు. బంతి పడింది, ఒకసారి ఎగిరింది, ఇంకోసారి ఎగిరింది, నా పక్కన ఎవరో పెద్దాయన నా చొక్కా పట్టుకుని లాగేస్తున్నాడు, బంతి దొర్లుకుంటూ లోపలికి పోయింది. వాడికది మూడో గోల్. 22 పాయింట్లతో గెలిచాం. 1954 తర్వాత మొదటి కప్పు. ఆ పెద్దాయన చింపిన చొక్కా ఇంకా బీరువాలో ఉంది, మా ఆవిడ పారేయమన్నప్పుడల్లా గొడవే.

బాయ్డ్ వయసప్పుడు 21. మరుసటి ఏడు డిప్రెషన్ అని చెప్పి ఆటకి విరామం తీసుకున్నాడు. 2019 మేలో, 23 ఏళ్ళకి, కాంట్రాక్టు ఇంకా 2021 దాకా ఉండగానే, మిగిలిన డబ్బు వదులుకుని ఆట మానేశాడు. కప్పు చేతిలో పెట్టినవాడు కూడా లోపల అలా ఉన్నాడు. ఆ రెండేళ్ళూ నా వెనక సీట్లోంచి అరుస్తున్నవాళ్ళకి అది తెలుసా? నాకూ తెలీదు. ఒకటి రెండుసార్లు నేనూ అరిచాను, దాచడం దేనికి.

ఆస్‌కిక్_నాన్న
క్రికెట్‌లో మనం ఏమన్నా తక్కువ తిన్నామా? 2024 బాక్సింగ్ డే టెస్టులో అదే ఎంసీజీలో మన వైజాగ్ నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టాడు. వాళ్ళ నాన్న కన్నీళ్ళు చూసి స్టాండ్స్‌లో మేమందరం ఏడ్చాం. నాలుగు నెలలు తిరక్కుండా ఐపీఎల్‌లో పరుగులు రాలేదని మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం రాశారో ఎవరికీ గుర్తు లేదా? అదే గ్రూపు, అదే మనుషులు.

మా వాడికి ఎనిమిదేళ్ళు. వారం వారం ట్రుగనీనాలో ఆస్‌కిక్, అంటే చిన్నపిల్లల ఫుటీ, ఆడతాడు. బంతి వదిలేస్తే అక్కడి పెద్దవాళ్ళు "పర్లేదు, మళ్ళీ పరిగెత్తు" అంటారు. ఆ పెద్దవాళ్ళే శనివారం సాయంత్రం స్టేడియంలో వేరే మనుషులు.

ఓరుగల్లు_టైగర్
ఎనిమిదేండ్ల పిల్లగాన్నీ, జీతం తీసుకునే ఆటగాన్నీ ఒక్క గాట కడితే ఎట్లన్నా? ఇంకో ముచ్చట. మీరందరు అభిమానులు అరిస్తెనే పిల్లలు కరాబయితరు అన్నట్టు రాస్తున్నరు. అట్లయితే అక్కా, మీ క్రిస్టియన్ పెట్రాకా సంగతేంది? 2014ల రెండో పిక్. రాంగనే మోకాలు పోయింది, 2015 అంత ఆడనే లేదు. అదే మెల్‌బోర్న్, అదే జనం. 2021 గ్రాండ్ ఫైనల్ల 39 సార్లు బంతి అందుకొని, ఆ ఆటల మేటి ఆటగానికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ గెలిసిండు. ఉన్నోడు నిలుస్తడు. అరుపులకు రాలిపోయేటోడు ఎట్లయినా రాలుతడు.

డీమన్స్_అక్క
ఇది మంచి ప్రశ్న. నేను ఒప్పుకోవాల్సింది కొంత ఉంది. మా పిక్కులు పాడైంది జనం అరవడం వల్ల కాదు. 2007లో కేల్ మోర్టన్ నాలుగో పిక్, 2008 వాట్స్, 2009లో ఒకటీ రెండూ మావే, స్కలీ, ట్రెంగోవ్. స్కలీ రెండేళ్ళకే జీడబ్ల్యూఎస్‌కి పోయాడు. ట్రెంగోవ్‌ని 20 ఏళ్ళకే కెప్టెన్ చేశారు, తర్వాత పాదం ఎముక దెబ్బతింది. 2012లో మేం నాలుగో పిక్‌గా టూంపాస్‌ని తీసుకున్నాం, ఏడో పిక్ ఒలీ వైన్స్ పోర్ట్ అడిలైడ్‌కెళ్ళి, ఏడాది మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్లో మెడల్ గెలిచాడు. ఇంతమంది పిల్లలూ చేతగానివాళ్ళేనా? కోచ్ పాల్ రూస్ వచ్చి ఇల్లు సర్దాకే పెట్రాకా వచ్చాడు. తేడా అక్కడుంది. అదే 2009లో 34వ పిక్‌గా వచ్చి, మోకాళ్ళ ఆపరేషన్లతో ఏళ్ళు గడిపిన మా కెప్టెన్ మాక్స్ గాన్ చేతుల మీదుగానే 2021లో కప్పు అందుకున్నాం. 34వ నంబరు వాడి మీద ఎవరూ అరవలేదు, ఎవరూ ఆశ పెట్టుకోలేదు కాబట్టి. నీ ఓపిక లెక్క నంబరును బట్టి మారుతోంది తమ్ముడూ, పిల్లాణ్ణి బట్టి కాదు.

ఓరుగల్లు_టైగర్
సరే, నంబర్ల ముచ్చట ఒప్పుకుంట. కానీ నార్త్ మెల్‌బోర్న్‌ది చెప్పు. 2021ల ఒకటో పిక్ జేసన్ హార్న్-ఫ్రాన్సిస్. ఒక్క సీజన్ ఆడి, ఇంటికి పోత అని పోర్ట్ అడిలైడ్‌కు పోయిండు. ఆళ్ళు ఓపిక పట్టి ఏం బావుకున్నరు? ఇప్పుడు కనపడ్డప్పుడల్లా బూ అని మొత్తుకుంటున్నరు. గది గూడ తప్పేనా?

ఫుట్స్‌క్రే_పాతకాపు
వెళ్ళిపోయినవాణ్ణి బూ అనడం వేరు, అది ఆటలో భాగం, నేనూ గ్రిఫెన్‌ని అన్నాను. మన జెర్సీ వేసుకుని మన కోసం పరిగెత్తేవాణ్ణి మనమే వెక్కిరించడం వేరు. అన్నట్టు నార్త్ వాళ్ళేమీ ములిగిపోలేదు. మరుసటి డ్రాఫ్ట్‌లో షీజెల్‌ని తెచ్చుకున్నారు, వాడు 2023లో రైజింగ్ స్టార్, అంటే ఆ ఏటి మేటి కుర్ర ఆటగాడు, అయ్యాడు.

టార్నీట్_బావ
పని నుంచి ఇప్పుడే వచ్చా. చదువుతుంటే ఒకటి రాయాలనిపించింది. ఇది మా ఫ్రెండ్స్‌కి కూడా చెప్పలేదు.

పోయినేడు ఇదే కుర్రాణ్ణి వీఎఫ్‌ఎల్‌కి దింపినప్పుడు మన విటెన్ ఓవల్ మైదానానికి వెళ్ళా. జనం పల్చగా ఉన్నారు. బౌండరీ కంచె మీద చేతులు ఆనించి, వాడు ఒక బంతి వదిలేస్తే నేను గట్టిగా అరిచా. ఏమన్నానో ఇక్కడ రాయను, తెలుగులో కాదు, వాడికి అర్థమయ్యే భాషలోనే. మార్వెల్‌లో అయితే అరుపు గాల్లో కలిసిపోతుంది. అక్కడ కలవలేదు.

మూడో క్వార్టర్ విరామానికి జనాన్ని మైదానంలోకి రానిచ్చారు. నడుచుకుంటూ వెళ్ళి జట్టు గుమిగూడిన చోట నిలబడ్డా. చూస్తే సరిగ్గా వాడి వెనకే ఉన్నా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. మెడ మీద మొటిమలు. ఎడం చేతి రెండు వేళ్ళు కలిపి టేపు చుట్టారు, అందుకని నీళ్ళ సీసా మూత పళ్ళతో లాగుతున్నాడు. కోచ్ మాట్లాడుతున్నంతసేపూ బూటు మొనతో ఒకేచోట గడ్డి గీకుతూ ఉన్నాడు, మట్టి తేలేదాకా. నేను అరిచింది విన్నాడో లేదో తెలీదు. వెనక్కి తిరగలేదు. సైరన్ మోగాక వెళ్ళిపోయాడు. ఆ గీకిన చోటు మాత్రం నా కాళ్ళ ముందు అలా ఉండిపోయింది.

వాడు బాగా ఆడతాడనో, వాడిలో ఇంకో బాయ్డ్ ఉన్నాడనో నేననడం లేదు. ఉండకపోవచ్చు. రెండేళ్ళలో క్లబ్బు వదిలేయనూవచ్చు, అది క్లబ్బు పని. ఆ చప్పట్లు మాత్రం నా వల్ల కాదు.

ఓరుగల్లు_టైగర్
బావా, ఒకటి అడుగుత. నిన్న మీ దోస్తు సప్పట్లు కొట్టినప్పుడు ఇదంత ఆనికి చెప్పినవా మరి?

టార్నీట్_బావ
లేదు. "కూర్చోరా" అన్నా, అంతే. మిగతాదంతా బండిలో అరుచుకున్నదే. టార్నీట్‌లో దిగాక నా కార్లోనే వెళ్ళాలి కదా, ఇద్దర్నీ ఇళ్ళ దగ్గర దింపా. వాడు తలుపు వేస్తూ "శనివారం ఎన్నింటికి?" అన్నాడు. ముగ్గురి సీట్లూ పక్కపక్కనే.