జూనియర్ లాయర్‌కు స్టైపెండ్ (నెలవారీ భృతి) ఇవ్వలేని సీనియర్ లాయర్ జూనియర్‌ను పెట్టుకోవచ్చా?

మంగళగిరి జూనియర్:
పెట్టుకోకూడదన్నదే నా మాట. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. సిఫారసే కాబట్టి మా కోర్టులో దాని ఊసెత్తేవాళ్లు లేరు. పొద్దున కాల్‌వర్క్‌లో (కేసులు వరుసగా పిలిచేటప్పుడు) లేచి వాయిదా అడిగేది జూనియర్. కాపీ అప్లికేషన్ వేసేది, బెంచ్ క్లర్క్ దగ్గర తేదీ రాసుకొచ్చేది, రాత్రి ఆఫీసులో కూర్చుని చీఫ్ అఫిడవిట్ (సాక్షి రాతపూర్వక వాంగ్మూలం) తయారు చేసేది కూడా జూనియరే. చేతికొచ్చేది పెట్రోలు ఖర్చు, అదీ సీనియర్‌కు గుర్తుంటే.

బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ప్రాక్టీసులో ఉంటూ ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు. రూల్ 36 ప్రకారం ప్రచారం చేసుకోకూడదు. లాయర్ల ఇంట పుట్టనివాడికి కేసులెలా వస్తాయి? అప్పటిదాకా వాడు ఏం తినాలి?

ఖమ్మం వకీలు:
తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. కానీ లెక్క చూడు. మాది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ప్రాక్టీసు. ఆఫీసు అద్దె, గుమస్తా జీతం, టైపింగ్ ఖర్చు పోగా మిగిలేదే తక్కువ. ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) దావా వేయించుకున్న రైతు సగం ఫీజు ఇచ్చి మిగతాది పంట చేతికొచ్చాక ఇస్తానంటాడు. రేపు 15,000 తప్పనిసరి చేస్తే మాలాంటివాళ్లం జూనియర్లను పెట్టుకోవడమే మానేస్తాం. తెలిసినవాళ్ల పిల్లలకు ఎక్కడైనా చోటు దొరుకుతుంది, నష్టపోయేది నీలాంటివాళ్లే. మాకు మాత్రం ఎవరిచ్చారు? పని నేర్పారు, అంతే.

కర్నూలు లేడీ అడ్వకేట్:
సార్, మీతోపాటు కోటు వేసుకుని, ఇల్లు గడవక మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఈ చర్చలో లేరు. ఉంటే ‘మాకెవరిచ్చారు’ అన్న మాటకు వాళ్లే జవాబు చెప్పేవారు.

2024 జూలై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో లాయర్‌గా నమోదుకు కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు దాటకూడదని, ఎస్సీ, ఎస్టీలకు 125 దాటకూడదని చెప్పింది. అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 24లో ఉన్నది అంతే. పేదింటి పిల్లలు వృత్తిలోకి రావడానికి ఎక్కువ ఫీజులు అడ్డమని అంత స్పష్టంగా చెప్పాక, లోపలికొచ్చినవాళ్లను ఏళ్ల తరబడి ఉత్తి చేతులతో ఇంటికి పంపడం ఏం న్యాయం?

ఆడపిల్లలకు ఇంకో సమస్య. సీనియర్ ఆఫీసులో అసలు పని మొదలయ్యేది సాయంత్రం ఆరు తర్వాత. తొమ్మిదికి బస్సు పట్టుకోవాల్సిన అమ్మాయి సగంలో లేస్తుంది. దానికి ‘సీరియస్‌నెస్ లేదు’ అని పేరు పెట్టి, మెయింటెనెన్స్ (భరణం) ఫైళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వరు.

హైకోర్టు లాయర్, హైదరాబాద్:
మేడమ్ చెప్పింది నిజం. డబ్బొక్కటే ఇస్తే సరిపోదు. నా మొదటి సీనియర్ ఇచ్చింది తక్కువే, కానీ ప్రతి వకాలత్‌లో (క్లయింటు లాయర్‌కు ఇచ్చే అధికారపత్రం) నా పేరు రాయించారు. కండోనేషన్ ఆఫ్ డిలే (ఆలస్యాన్ని మన్నించమనే) పిటిషన్ ఒకటి నన్నే వాదించమని, తాను వెనక వరుసలో కూర్చున్నారు. జడ్జిగారు ఆయన వైపు చూసినా ఆయన లేవలేదు. ఆ క్లయింటు తర్వాతి కేసుకు నేరుగా నా దగ్గరికే వచ్చాడు. బార్‌లో పెద్దరికం అంటే నా దృష్టిలో అదీ. స్టైపెండ్ ఇచ్చి పదేళ్లు వాయిదాలే అడిగించుకునేవాళ్లూ ఉన్నారు.

ఖమ్మం వకీలు:
పేరు రాయించడానికి, వాదించనివ్వడానికి నాకు అభ్యంతరం లేదు. డబ్బు సంగతి ప్రభుత్వం చూడాలి. ఆంధ్రాలో 2019లో జూనియర్ లాయర్ల కోసం లా నేస్తం పథకం పెట్టి, మొదటి మూడేళ్లు నెలకు 5,000 ఇచ్చారు కదా.

మంగళగిరి జూనియర్:
సార్, ప్రభుత్వం ఇస్తే సంతోషమే. కానీ నా పనితో ఫీజు వస్తున్నది ప్రభుత్వానికి కాదు. 15,000 కుదరకపోతే, నేను పనిచేసిన ఫైలు ఫీజులో వాటా ఇవ్వండి.

ఖమ్మం వకీలు:
వాటా అయితే ఒప్పుకుంటాను. వచ్చినప్పుడు ఇస్తాను, రానప్పుడు అడగకూడదు.

కర్నూలు లేడీ అడ్వకేట్:
అలాగైతే వచ్చిందో రాలేదో జూనియర్‌కు తెలియాలి సార్. మన బార్‌లలో క్లయింటుకు ఫీజు రసీదు ఇచ్చే ఆఫీసులు ఎన్ని? ముందు మీ ఆఫీసులో మొదలుపెడతారా?